గుమాస్తా మాట: తొమ్మిది పేర్లు



పోయిన సంచికలో యీ శీర్షిక యెందుకు రాలేదని మన సంఘం గ్రంథాలయంలో ఇద్దరు ముగ్గురు సభ్యులు నన్ను అడిగారు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. అది అబద్ధం. ఒళ్ళు నిక్షేపంగా వున్నది, మనసే బాగాలేదు. ఆ సంగతి ఇవాళ చెప్పుకుంటాను. చెప్పుకోవటానికి కారణం కూడా ఒకటి వున్నది, అది చివర మనవి చేస్తాను.

సంక్రాంతికి అటో ఇటో జనవరి 15వ తేదీన మన దేశంలో సైనిక దినం జరుపుకుంటారు. 1949లో అదే రోజున మన కొడగు బిడ్డ కరియప్పగారు, ఆంగ్లేయ సేనాధిపతి చేతిలోనుంచి భారత సైన్యాధిపత్యం పుచ్చుకున్నారు. భారతీయుడు ఆ పీఠం మీద కూర్చోవటం అదే మొదలు. ఆ రోజున మా మేనమామ పొద్దున్నే లేచి స్నానం చేసి, బూట్లకు పాలిష్ పెట్టుకొని, పతకాలు గుండెకు తగిలించుకొని, హలసూరు చెరువు దగ్గర మదరాసు ఇంజనీర్ల కేంద్రం వైపు ఒకసారి నడిచి వస్తాడు. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. ఎనభై యేళ్ళ మనిషి. నడక మాత్రం ఇరవై యేళ్ళ వాడిది.

మామయ్య చైనా యుద్ధం అయిన మరుసటి సంవత్సరం, 1963లో మదరాసు సాపర్లలో చేరాడు. బెంగుళూరులో ఆ కేంద్రం తెలియనివారు మన చదువరులలో ఎవరూ వుండరు. దక్షిణాది నాలుగు భాషలవారూ అక్కడ ఒకే పళ్ళెం తింటారు. వాళ్ళని సైన్యమంతా 'తంబీలు' అని పిలుస్తుంది, తెలుగువాడైనా సరే తంబీయే. 1971 డిసెంబరులో షకర్‌గఢ్ దగ్గర బసంతర్ అనే యేటి ఒడ్డున శత్రువులు పాతిన మందుపాతరలను తీసి, మన టాంకులకు దారి చేసినది యీ సాపర్ల తొమ్మిదవ ఇంజనీరు రెజిమెంటే. ఆ రాత్రి పని చేసినవాళ్ళలో మామయ్య ఒకడు. దాన్ని గురించి ఆయన చెప్పేది మూడు ముక్కలు. చలి. తెల్ల పట్టీ. దారి పూర్తి కాకముందే టాంకులు దాటటం. నాలుగో ముక్క నేనెప్పుడూ వినలేదు. సుబేదారుగా 1987లో బయటికి వచ్చాడు.

ఇరవై నాలుగేళ్ళు నోరు కట్టుకున్న మనిషి. ఇది అలంకారానికి అన్న మాట కాదు సుమా. సైన్యంలో వున్నన్నాళ్ళూ రాజకీయ సభకు వెళ్ళరాదు, పార్టీలో చేరరాదు, పై అనుమతి లేకుండా పత్రికకు ఒక్క వాక్యం పంపరాదు. 1954 నాటి సైనిక నియమాలలో యిది స్పష్టంగా వున్నది. పౌరులకు యిచ్చిన ప్రాథమిక హక్కులను సైనికుల విషయంలో కుదించవచ్చునని రాజ్యాంగం 33వ అధికరణమే చెప్పుతున్నది. మనబోటి గుమాస్తాలకు కూడా యిటువంటి నిబంధనలు వున్నవి కాని, మనం కాఫీ హోటల్లో కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టినంత మాత్రాన కోర్టు మార్షలు చేసేవారు లేరు.

పెన్షను పుస్తకం చేతికి వచ్చిన రోజున ఆ కట్టు తెగుతుంది. తెగిన తరువాత చూడండి!

మామయ్యకు రాజకీయం కొత్త కాదు. తాతయ్యది ముళబాగిలుకు అవతల, చిత్తూరు సరిహద్దు పల్లె. ఆచార్య రంగాగారు చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్ళిన రోజులలో మా తాతయ్య వారి పక్షం. 1959లో రాజాజీ, రంగా, మసానీగార్లు స్వతంత్ర పార్టీ పెట్టినది యెందుకంటే, రైతు భూమిని ఉమ్మడి సేద్యం కింద కలుపుతారేమోనన్న భయం ఒకటి, ప్రతిదానికీ సర్కారు పర్మిటు కావలసి రావటం రెండు. రాజాజీగారు 'స్వరాజ్య' వారపత్రికలో వారం వారం అదే రాసేవారు. ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాల దాకా వెళ్ళి, 1974లో మరొక పార్టీలో కలిసి కనుమరుగైపోయింది. పార్టీ పోయింది గాని మామయ్య తలలో అది యింకా ఆఫీసు తెరుచుకొనే వున్నది. సర్కారు తక్కువగా వుండాలి, పన్ను తక్కువగా వుండాలి, ఊరికే యిచ్చే పథకాలు పోవాలి, కుర్రవాళ్ళకు క్రమశిక్షణ రావాలి. 1963లో కాలేజీ పిల్లలకు ఎన్.సి.సి. నిర్బంధం చేసి మళ్ళీ 1968లో ఐచ్ఛికం చేశారే, ఆ తప్పు దిద్దుకోవాలి. ఇవి ఆయన మతం.

అయితే ఆయన ఒక పార్టీకి డోలు కొట్టేవాడు కాదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించి, జవాన్లను నాలుగేళ్ళకు తీసుకొని నూటికి ఇరవై అయిదుగురినే వుంచుకుంటామన్నప్పుడు, తాను ఓటు వేసిన ప్రభుత్వం మీదనే నిప్పులు కక్కాడు. "పాతర తీయటం చెయ్యికి అలవాటయ్యేసరికి వీణ్ణి ఇంటికి పంపుతారట్రా" అని నాచేత రాయించినది అప్పుడే.

ఇక నేనెక్కడ వచ్చానంటే, మామయ్య ఉత్తరాలు నేనే రాస్తాను. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, పట్టాలం హిందీ వచ్చు, కన్నడం వినటం వచ్చు. రాయటం మాత్రం రోమను లిపిలో హిందీ ఒక్కటే, సైన్యంలో నేర్పినది. ప్రతి ఆదివారం ఎనిమిది గంటలకు వస్తాడు. మా ఆవిడ పెట్టిన ఇడ్లీలు తిని, "ఒరే, రాసుకో. మాన్యరే అని మొదలెట్టు" అంటాడు. ఆయన తెలుగులో చెప్పుతాడు, నేను కన్నడంలో పెడతాను. ఇంట్లో వున్న పాత కంప్యూటరు మీద కొట్టి, బెంగుళూరు కన్నడ పత్రికల 'పాఠకుల లేఖలు'కు పంపుతాను. పదింటిలో ఒకటి పడుతుంది. పడిన రోజున ఆరు కాపీలు కొంటాడు.

భాష మార్చేటప్పుడు నేను చేసే చిన్న దొంగతనం ఒకటి వున్నది, ఒప్పుకుంటాను. ఆయన 'దొంగ వెధవలు' అన్న చోట నేను 'బాధ్యత గుర్తించనివారు' అని పెడతాను. 'తన్ని తగలెయ్యాలి' అంటే 'కఠిన చర్య అవసరం'. ఇరవై రెండేళ్ళు ఆఫీసులో పై అధికారుల కోపాన్ని చిత్తు ప్రతిలో చల్లార్చిన చెయ్యి యిది. మామయ్యకు కన్నడం చదవటం రాదు గనుక యిన్నాళ్ళూ సాగింది.

పాత సైనికులు రాజకీయం రాయటం కరియప్పగారితోనే మొదలయిందని చెప్పవచ్చు. ఆయన పదవిలో వుండగానే ఉపన్యాసాలు యెక్కువై, 1952లో నెహ్రూగారు, పత్రికా సమావేశాలు తగ్గించుకోండి, మాట్లాడితే ఇబ్బంది లేని విషయాలే మాట్లాడండి అని ఉత్తరం రాయవలసి వచ్చింది. 1953లో విరమించారు. 1958లో పాకిస్తానులో ఆయూబ్ ఖాన్ సైనిక పాలన పెట్టినప్పుడు, విభజనకు ముందు తన కింద పని చేసిన మనిషి గనుక కావచ్చును, కరియప్పగారు దాన్ని మెచ్చుకుంటూనే రాశారు. 1971లో బొంబాయి ఈశాన్య నియోజకవర్గంలో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు.

ఇదే మనిషి, 1965 యుద్ధంలో తన కుమారుడు విమానంతో సహా కూలి పాకిస్తాను చేతికి చిక్కినప్పుడు, ఆయూబ్ ఖాన్ విడిచిపెడతానని కబురు చేస్తే, అక్కడున్న ఖైదీలందరూ నా బిడ్డలే, ఒక్కడికి వేరుగా మర్యాద వద్దన్నారు. ఆ మాటకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆయూబ్ పాలనను మెచ్చిన కలానికి మాత్రం నా నమస్కారం లేదు. రెండూ ఒకే మనిషివి, ఏం చేస్తాం.

ఆయన తరువాత చాలా మంది వచ్చారు. 1962లో నమ్కా చూ యేటి దగ్గర బ్రిగేడు నడిపి చైనావారికి ఖైదీ అయి వచ్చిన బ్రిగేడియరు దాల్వీగారు, 1969లో 'హిమాలయన్ బ్లండర్' రాసి ఢిల్లీ పెద్దల తప్పులు బయటపెట్టారు. రవి బెళగెరెగారి కన్నడ అనువాదాన్ని నేను మామయ్యకు రెండు నెలలపాటు చదివి వినిపించాను. మేజరుగా వుండి 1960లలోనే సైన్యం వదిలిన జస్వంత్ సింగుగారు రక్షణ, విదేశాంగ, ఆర్థిక శాఖలు మూడూ చూసినవారు. 2009లో జిన్నా మీద పుస్తకం రాసినందుకు సొంత పార్టీయే ఆయనను బయటికి పంపి, మరుసటి యేడు మళ్ళీ పిలుచుకున్నది. ఇటు పక్షం వారే కాదు, నౌకాదళాన్ని ఏలిన అడ్మిరల్ రాందాస్‌గారు పాకిస్తానుతో శాంతి కావాలని జీవితాంతం రాసి 2024లో కన్నుమూశారు. మామయ్య ఆయనతో ఒక్క వాక్యమూ ఒప్పుకోడు. కాని పేరు చెప్పేటప్పుడు 'అడ్మిరల్ సాబ్' అనే అంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నవంబరు నెల మొదటి ఆదివారం మామయ్య కొత్త ఉత్తరం చెప్పాడు. శాసనసభ్యులు పార్టీలు మారటం, ఎన్నికలకు ముందు పంచే పథకాలు, రోడ్ల మీద గుంటలు, అన్నిటికీ మందు ఒకటే. అయిదేళ్ళపాటు ఎన్నికలు ఆపి రాష్ట్రపతి పాలన పెట్టాలి, జిల్లాకొక విశ్రాంత సైనికాధికారిని నియమించాలి. నేను కలం దింపాను.

"మామయ్యా, యిది రాజ్యాంగం ఒప్పుకోదు."

"నువ్వు లాయరువా?"

"కాదు."

"అయితే రాసుకో."

రాశాను. ఎవరి అభిప్రాయం వారిది, గుమాస్తా పని రాయటం అనుకున్నాను. చివరికి వచ్చేసరికి మామయ్య, "నా ఒక్కడి పేరు చాలదురా, యెవడూ పట్టించుకోడు. ఇట్లు, బెంగుళూరు మాజీ సైనికులు అని పెట్టి, పేర్లు చెప్తా, వేసుకో" అన్నాడు. తనది కాక ఎనిమిది పేర్లు చెప్పాడు. హోదా, పేరు, రెజిమెంటు.

"వీళ్ళందరినీ అడిగావా?"

"ఫౌజీలంతా ఒకటేరా. అడిగేదేముంది?"

చదువరులారా, నేను ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్ల మధ్య బతికిన మనిషిని. సంతకం లేని కాగితం మా ఆఫీసులో బల్ల దాటదు. తెలిసి తెలిసి ఆ ఎనిమిది పేర్లూ కొట్టాను. ఇడ్లీ చల్లారుతున్నదనో, ఆదివారం పూట మేనమామతో రగడ యెందుకనో, ఇదీ పదింటిలో తొమ్మిదవదై బుట్టలో పడుతుందిలే అనో, యేమైనా అనండి. పత్రిక పేరు యిక్కడ చెప్పను, వారిది తప్పు లేదు. తొమ్మిది పేర్లు చూసి ముచ్చటపడి, పెట్టె కట్టి వేశారు.

మూడో నాటి సాయంకాలం పక్క వీధి హవల్దారుగారు మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఆర్కాటు జిల్లా తమిళులు, మామయ్యకంటే ఒక యేడు పెద్ద. బసంతర్ దగ్గర ఆ రాత్రి తెల్ల పట్టీ ఒక కొస మామయ్య చేతిలో వుంటే రెండో కొస వీరి చేతిలో వున్నదట. యాభై యేళ్ళ పైబడి సాయంకాలం ఆరింటికి ఇద్దరూ చెరువు గట్టున నడవటం హలసూరు అంతా యెరుగును. రాజకీయంలో మాత్రం ఉత్తరం దక్షిణం. 2015లో 'ఒకే ర్యాంకు, ఒకే పెన్షను' కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర పాత సైనికులు బైఠాయించినప్పుడు, యీయన రిజర్వేషను లేకుండా రైలెక్కి వెళ్ళి పది రోజులు కూర్చుని వచ్చారు. జవాను పెన్షనును 1973లో జీతంలో డెబ్బయి పాళ్ళ నుంచి యాభైకి దించారన్న మంట ఆయనకు యింకా ఆరలేదు. ఆ సెప్టెంబరు 5న ప్రభుత్వం ఒప్పుకొని ప్రకటించినా, లెక్కలో తేడా వున్నదని ఆయన వాదన.

కూర్చోమంటే కూర్చోలేదు. పత్రిక మడత విప్పి వేలు పెట్టి చూపించారు.

"నా పేరు నువ్వుదా కొట్టినావా, తంబీ?"

"అవునండీ."

"నన్ను అడిగినావా?"

"లేదండీ."

"ఎలక్షను వద్దు అని నేను చెప్పినానా? మా ఊరిలో నా పెండ్లాము పంచాయతీకి రెండు తూరి నిలబడింది. పట్టీ పట్టుకున్నది ఇద్దరమూ. అది వేరే, సంతకము వేరే."

అంతే. కేకలు లేవు. పత్రిక మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ సాయంకాలం నుంచి చెరువు గట్టు మీద మామయ్య ఒక్కడే నడుస్తున్నాడు. హవల్దారుగారు పొద్దున నడక పెట్టుకున్నారు.

తరువాత నేను ఒక్కొక్క పేరూ విచారించాను. ఇది మొదట చేయవలసిన పని, చివర చేశాను. ముగ్గురు, "మీ మామ యేదో అన్నాడు, సరేనన్నాం" అన్నారు. ఇద్దరు నవ్వి వూరుకున్నారు. ఒకరు, మా అబ్బాయి సర్కారు వుద్యోగంలో వున్నాడు, యీ గొడవ మాకెందుకని బాధపడ్డారు. ఏడవవారు హవల్దారుగారు. ఎనిమిదవ పేరు గల నాయక్ చనిపోయి రెండేళ్ళయింది. వారి భార్య తలుపు తీసి, "ఆయన పేరు పేపర్లో వచ్చిందటగా, ఒక కాపీ తెచ్చారా" అని అడిగింది. ఆ యింటి మెట్లు యెట్లా దిగానో నాకే తెలియదు.

మామయ్యను నిలదీస్తే, "బతికుంటే వాడు పెట్టేవాడేరా" అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చును కూడా.

ఇది మా వీధి గొడవే కాదు. 2019 ఏప్రిల్‌లో, సైన్యాన్ని ఎన్నికల ప్రచారానికి వాడుకోవద్దని నూట యాభై మందికి పైగా మాజీ సైనికుల పేర్లతో రాష్ట్రపతికి ఒక ఉత్తరం బయటికి వచ్చింది. అందులో కోరినది సబబైనదేనని నా అభిప్రాయం. కాని మాజీ సేనాధిపతి రోడ్రిగ్స్‌గారు, వాయుసేన మాజీ అధిపతి సూరిగారు, మా సమ్మతి లేదని చెప్పేసరికి, దేశమంతా ఉత్తరంలోని విషయం వదిలి పేర్ల మీద పడింది. అప్పట్లో మామయ్య యెంత యెగతాళి చేశాడని! "సంతకాలు దొంగిలించేవాళ్ళు దేశభక్తి నేర్పుతారా" అని ఒక ఉత్తరమే చెప్పాడు. నా దగ్గర దాని నకలు వున్నది. నేను నకళ్ళు పారెయ్యను.

డిసెంబరు రెండో ఆదివారం ఆ నకలు తీసి చదివాను. మామయ్య ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపాడు. కొంచెం సేపు మాట లేదు. ఆ మౌనంలో నాకొక సంగతి గుర్తుకు వచ్చి చెప్పాను. కరియప్పగారు విరమించిన తరువాత, బెంగాలు అల్లర్ల కాలంలో, అక్కడ అయిదేళ్ళు రాష్ట్రపతి పాలన పెట్టాలని ఒక వ్యాసం రాసి 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్'కు పంపారు. యిది అచ్చు వేస్తే మీకూ మాకూ కూడా ఇబ్బంది అని సంపాదకులు మర్యాదగా తిప్పి పంపారు.

"జనరల్ సాబ్‌దా? తిప్పి పంపారా?"

"పంపారు."

"ఆయన పేరు ఒక్కటే పెట్టుకున్నాడా, వేరేవాళ్ళవి కూడానా?"

"ఒక్కటే, మామయ్యా."

మామయ్య కిటికీ వైపు చూశాడు. అయిదేళ్ళ పాలన సంగతిలో ఆయన అంగుళం జరగలేదు, జరుగుతాడని నేనూ అనుకోలేదు. సైన్యం నోరు మూసుకొని బారకులో వున్నందువల్లనే మన ఇరుగు పొరుగు దేశాల గతి మనకు పట్టలేదని నేనంటాను. నోరు మూసుకున్నందువల్లనే మీరు మాకు పెన్షను కోశారని ఆయనంటాడు. ఆ వాదన మా యింట్లో యింకా పదేళ్ళు నడుస్తుంది, ఆయన ఆయుష్షు గట్టిది. కాని "రాసుకో" అన్నాడు. నాలుగు వాక్యాలు. మొదటిసారిగా నేను ఒక్క మాట కూడా మెత్తబరచకుండా కన్నడంలో పెట్టాను.

ఆ సవరణ పత్రికకు పంపి నెల అయింది. పడలేదు. ఉత్తరాలు వారికి వందలు వస్తాయి, నెల కిందటి ఉత్తరానికి సవరణ యెవరు వేస్తారు. నిన్న మామయ్య, "మీ సంఘం పుస్తకంలో వెయ్యరట్రా?" అని అడిగాడు. సంపాదకులవారిని అడిగాను, నీ శీర్షికలో నువ్వే రాసుకో అన్నారు. కారణం చివర చెప్తానన్నది యిదే. మామయ్య చెప్పినది చెప్పినట్టు, తెలుగులోనే:

"నవంబరు నెలలో ఒక కన్నడ పత్రికలో పడిన ఉత్తరం నాది. దాంట్లో వున్న అభిప్రాయాలు నావి, యిప్పటికీ నావే. కింద వున్న ఎనిమిది పేర్లు నేను అడక్కుండా పెట్టాను, వాళ్ళకు ఆ ఉత్తరంతో సంబంధం లేదు. హవల్దారు సాబ్‌కి ముఖ్యంగా చెప్తున్నా."

హవల్దారుగారికి తెలుగు చదవటం రాదు. అచ్చు కాగానే రెండు ప్రతులు విడిగా వుంచమని ప్రెస్సులో చెప్పాను. ఒకటి నాయక్‌గారి యింట్లో ఆమెకు యివ్వాలి, ఆవిడ కాపీ అడిగింది కదా. రెండవది పట్టుకొని 15వ తేదీ పొద్దున ఆరింటికి చెరువు గట్టుకు వెళ్ళి చదివి వినిపిస్తాను. తానూ వస్తానని మామయ్య అన్నాడు. గట్టు మీదికి రాడట, కింద బస్సు స్టాపులో నిలబడతాడట.